మోకాళ్ల దగ్గరే ఆగిన వేళ్లు

నిక్కరు బిగుతుగా ఉందన్నది వంక. అసలు సంగతి, ఆ కుర్రాడికి ఆ ఆసనం రాదు.

మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లోని యోగశాలకు ఆ రోజు మద్రాసు హైకోర్టు జడ్జి ఒకరు వచ్చారు. మహారాజు కొలువులో యోగ గురువుగా ఉన్న తిరుమలై కృష్ణమాచార్య శిష్యుల చేత ఆసనాలు వేయించి చూపిస్తున్నారు. ఉన్నట్టుండి సుందరరాజ అనే ఆ కుర్రాణ్ని పిలిచి హనుమానాసనం వేయమన్నారు. ఒక కాలు ముందుకు, ఇంకో కాలు వెనక్కి పూర్తిగా చాచి, రెండు తొడలూ నేలకు ఆనేలా కూర్చోవాలి. హనుమంతుడు సముద్రం దాటిన అంగను తలపించే ఆసనం అది. తెలియదని కుర్రాడు గొణిగాడు. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి పెట్టి కూర్చోవడమేగా అన్నారు గురువు. తప్పించుకోవడానికి ఒక్కటే దారి తోచింది. దర్జీ నిక్కరు మరీ బిగించి కుట్టాడని, వేలు కూడా దూరడం లేదని, అందులో కాళ్లు చాచలేనని చెప్పాడు.

గురువు పెద్ద శిష్యుణ్ని పిలిచి కత్తెర తెమ్మన్నారు. నిక్కరును రెండు పక్కలా కత్తిరించమన్నారు. ఇక చెప్పడానికి వంక మిగల్లేదు. కుర్రాడు కాళ్లు చాచి కూర్చున్నాడు, తొడ వెనుక కండరాలు చిరిగాయి. ఆ తర్వాత దాదాపు రెండేళ్లు సరిగా నడవలేకపోయాడు.

ప్రపంచంలో యోగా నేర్చుకునేవాళ్లలో చాలామందికి తెలిసిన పేరు బి.కె.ఎస్. అయ్యంగార్. ఆ పేరు వెనుక ఉన్న మనిషి ఈ కుర్రాడే. అంతర్జాతీయ యోగా దినోత్సవమైన జూన్ 21 దగ్గరపడుతుంటే యోగా మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు. చెప్పుకోవడానికి పెద్ద విషయాలకు కొదవ లేదు. ఐక్యరాజ్యసమితి తీర్మానం ఉంది. 177 దేశాల మద్దతు ఉంది. 2025లో విశాఖ ఆర్.కె. బీచ్ నుంచి భోగాపురం దాకా పరుచుకున్న చాపలు, వాటి మీద మూడు లక్షల మందికి పైగా జనం ఉన్నారు. కానీ అయ్యంగార్ తన జ్ఞాపకాలలో చెప్పుకున్న ఈ కత్తెర ముచ్చట చదివాక, వాటిలో ఏదీ మనసును అంతగా పట్టుకోదు. ఆయన జీవితంలో తర్వాత జరిగిన ప్రతిదానికీ ఈ చిరిగిన కండరం దగ్గరినుంచే దారి కనిపిస్తుంది.

ఇల్లంతా జబ్బులు

బెళ్లూరు కృష్ణమాచార్ సుందరరాజ అయ్యంగార్ 1918 డిసెంబరు 14న పుట్టాడు. ఊరు కోలారు జిల్లాలోని బెళ్లూరు, మన చిత్తూరు సరిహద్దుకు అవతలి సీమ. అది ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లకు ఊళ్లను ఊడ్చుకుపోయిన ఏడాది. తల్లి శేషమ్మ ఆ జ్వరంతో మంచంలో ఉండగానే ప్రసవించింది. పదమూడు మంది సంతానంలో పదకొండోవాడు. తండ్రి బడిపంతులు. కుటుంబం బెంగళూరు చేరిన కొన్నేళ్లకే, పిల్లవాడికి తొమ్మిదేళ్లప్పుడు ఆయన పోయారు.

మలేరియా వచ్చింది, టైఫాయిడ్ వచ్చింది, క్షయ వచ్చింది. ఆ రోజుల్లో క్షయకు మందు లేదు. సన్నటి చేతులు, పుల్లల్లాంటి కాళ్లు, ముందుకు పొడుచుకొచ్చిన పొట్ట, మెడ మోయలేనంత బరువుగా అనిపించే తల అంటూ తన చిన్ననాటి రూపాన్ని ఆయనే పెద్దయ్యాక వర్ణించుకున్నారు. అందులో జాలి వెతుక్కున్న జాడ లేదు. డాక్టరు కేసు షీటు రాసినట్టు ఉంటుంది.

మైసూరు వెళ్లడం కూడా యోగా కోసం కాదు. అక్క నామగిరిని పెళ్లాడిన కృష్ణమాచార్య వరసకు బావ. 1934లో ఆయన స్వామి కువలయానందను కలవడానికి లోణావళా వైపు ప్రయాణమై, దారిలో బెంగళూరులో ఆగారు. తాను తిరిగి వచ్చేదాకా మైసూరులో అక్కకు తోడుండమని పదిహేనేళ్ల బావమరిదిని అడిగారు, రైలు చార్జీలు ఇచ్చారు. మైసూరు చూడలేదు కాబట్టి చూసినట్టూ ఉంటుందని కుర్రాడు బయల్దేరాడు. బావ తిరిగొచ్చాక ఇంటికి వెళ్తానంటే, ఇక్కడే ఉండి చదువుకో, ఆసనాలు వేస్తే ఒళ్లు బాగుపడుతుందన్నారు. ఆ క్షణం నుంచి ఆయన బావ కాదు. తెలుగిళ్లలో బావ, బావమరుదుల మధ్య ఉండే పరాచికాలు, చనువు ఆ ఇంట్లో దొరకవు. గురువు ఎదుట నోరెత్తే వీలు లేదు. తెల్లవారకముందే లేచి తోటకు నీళ్లు తోడిపోయాలి. దెబ్బలూ పడేవి.

మొదట్లో ముందుకు వంగితే చేతివేళ్లు మోకాళ్ల దాకా వచ్చి ఆగిపోయేవి. ఇంత బిగుసుకుపోయిన ఒంటితో ఏం నేర్పను అనుకున్నారో ఏమో, గురువు చాలాకాలం పట్టించుకోలేదు. కృష్ణమాచార్యకు అప్పుడు ప్రియశిష్యుడు కేశవమూర్తి అనే కుర్రాడు. ఒక ఉదయం కేశవమూర్తి చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. 1935 చివర్లో మైసూరులో వై.ఎం.సి.ఎ. సదస్సు ఉంది, మహారాజు ఎదుట ఆసనాలు ప్రదర్శించాలి. మనిషి కావాలి. అలా ఖాళీ అయిన చోటులోకి ఈ బావమరిదిని లాక్కొచ్చారు. కొద్ది రోజుల్లో ముప్పై, నలభై ఆసనాలు వేయించారు. ఒళ్లు నొప్పులతో విలవిల్లాడుతూనే కుర్రాడు ప్రదర్శనలో నెగ్గుకొచ్చాడు.

గురువు దగ్గర అన్నేళ్లు ఉన్నా తనకు దగ్గర కూర్చోబెట్టి నేర్పింది మొత్తం కలిపితే పది, పదిహేను రోజులకు మించదని అయ్యంగార్ తరచూ చెప్పేవారు. ఈ మాటను ఫిర్యాదుగా వినడం తేలిక. ఆయన మాత్రం చివరిదాకా గురువు పట్ల భక్తి తగ్గనివ్వలేదు. మిగిలింది ఎక్కడ నేర్చుకున్నారన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు పుణెలో ఉంది.

మూడు మార్కుల ఇంగ్లిషు

మెట్రిక్‌లో ఇంగ్లిషు పేపరు పోయింది. మూడు మార్కుల తేడాతో. ఫీజు రాయితీ పోయింది, దాంతో చదువూ పోయింది. అదే సమయంలో కృష్ణమాచార్య శిష్యులను వెంటబెట్టుకుని ఉత్తర కర్ణాటకలో ధార్వాడ్, హుబ్లీ, బెళగాం వైపు ప్రదర్శనల పర్యటన చేశారు. ధార్వాడ్‌లో ఆడవాళ్లు తమకూ నేర్పమన్నారు. జట్టులో అందరికంటే చిన్నవాడు కాబట్టి వాళ్లు ఒప్పుకునేది సుందరరాజకే. ఆయన బోధన అలా మొదలైంది. బెళగాంలో ఆ ప్రదర్శన చూసిన సివిల్ సర్జన్ డాక్టర్ వి.బి. గోఖలే ఒక యోగా మాస్టారును పుణె పంపమని కోరారు. డెక్కన్ జింఖానాలో ఆరు నెలల ఒప్పందం. పెద్ద శిష్యులెవరూ కదల్లేదు. అక్కడ ఇంగ్లిషు అవసరం, అందరిలోకీ కాస్త ఇంగ్లిషు వచ్చినవాడు ఇతనే అన్నారు. మూడు మార్కులు తక్కువైన ఆ ఇంగ్లిషుతోనే 1937లో పద్దెనిమిదేళ్ల అయ్యంగార్ పుణె రైలెక్కాడు.

పుణెలో మరాఠీ రాదు. నేర్చుకోవడానికి వచ్చిన కాలేజీ కుర్రాళ్లు తనకంటే పెద్దవాళ్లు, తనకంటే బలంగా ఉన్నవాళ్లు. కొన్ని ఆసనాలు తనకంటే బాగా వేసేవాళ్లూ ఉన్నారు. అడగడానికి గురువు దగ్గర లేడు. తొడ కండరం ఇంకా పూర్తిగా మానలేదు. కాబట్టి రోజుకు పది గంటలదాకా తన ఒంటితోనే కుస్తీ పట్టాడు. అన్నం రెండు, మూడు రోజులకోసారి, మిగతా పూటలు టీ, కుళాయి నీళ్లు. రోడ్డు వేసేచోట ఆగి ఉన్న రోలరు మీద వెన్ను ఆనించి వెనక్కి వంగేవాడు. రాళ్లు, ఇటుకలు తెచ్చి ఒంటి కింద పెట్టుకుని చూసేవాడు. ఏ ఇటుక ఎక్కడ పెడితే నడుముకు ఊరట, ఎక్కడ పెడితే మెడకు పోటు అన్నది ఆయనకు ఏ గ్రంథమూ చెప్పలేదు. ఆరు నెలల ఒప్పందం మూడేళ్లకు పెరిగింది. అది ముగిశాక జీతమూ లేదు, చేతిలో పైసా లేదు. మైసూరు తిరిగి వెళ్లలేదు. ఉన్న ఊళ్లోనే ఇళ్లకు వెళ్లి పాఠాలు చెప్పుకుంటూ బతికాడు.

1943లో రమామణితో పెళ్లయింది. ఆమెకు యోగా తెలియదు. ముందు ఆమెకు నేర్పాడు, తర్వాత తన ఆసనంలో ఎక్కడ తేడా ఉందో చూసి సరిచేయమన్నాడు. అద్దం కొనలేని ఇంట్లో భార్య కళ్లే అద్దమయ్యాయి.

ఒక మూకీ, ఒక చెప్పుల జత

ఇక ఆయన వదిలివచ్చిన మైసూరు శాల చరిత్ర క్లుప్తంగా: నాల్వడి కృష్ణరాజ ఒడెయర్ చలవతో 1930ల మొదట్లో జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల వెలిసింది. కృష్ణమాచార్య 1934లో కన్నడంలో ‘యోగ మకరంద’ రాశారు. అక్కడే కె. పట్టాభి జోయిస్ నేర్చుకున్నారు, ఆయన అష్టాంగ పద్ధతి తర్వాత అమెరికా చేరింది. గురువుగారి కొడుకు దేశికాచార్ మద్రాసులో తండ్రి చివరి దశ బోధనను ముందుకు తీసుకెళ్లారు. స్వాతంత్ర్యం వచ్చి సంస్థానం పోయాక, 1950 ప్రాంతంలో శాల మూతపడింది. ఇవాళ ప్రపంచమంతా వేస్తున్న ఆసనాల్లో పెద్ద భాగం ఆ ఒక్క హాలు గడప దాటి వచ్చినవే.

ఆ కాలం నాటి సాక్ష్యం ఒకటి ఇప్పటికీ చూడటానికి దొరుకుతుంది. 1938లో మైసూరులో తీసిన నలుపు తెలుపు మూకీ చిత్రం. అందులో యాభై ఏళ్ల కృష్ణమాచార్య తలకిందులుగా నిలిచి కాళ్లను ఒక్కో తీరులో తిప్పుతారు. నామగిరమ్మ ఆసనాలు వేస్తుంది, ఇంట్లోని చిన్నపిల్లలు కూడా వేస్తారు. తర్వాత ఇరవై ఏళ్లు నిండని అయ్యంగార్ వస్తాడు. వచ్చి, ఒక ఆసనంలోంచి ఇంకో ఆసనంలోకి గెంతుతాడు. ఊపిరి తీసుకునే వ్యవధి కూడా లేనట్టు ఒంగుతాడు, లేస్తాడు, తిరుగుతాడు. నీళ్లలో చేపపిల్ల కదిలినట్టు ఉంటుంది. మోకాళ్ల దగ్గర వేళ్లు ఆగిపోయిన కుర్రాడు ఇతనేనా అనిపిస్తుంది. నాలుగేళ్లే గడిచాయి.

ఆ మూకీ చూసి, ఆ తర్వాత ఆయన పుస్తకం తెరవాలి. 1966లో లండన్‌లో అలెన్ అండ్ అన్విన్ ప్రచురించిన ‘లైట్ ఆన్ యోగా’, సంస్కృతంలో ‘యోగ దీపిక’. రెండు వందల ఆసనాలు, దాదాపు 600 ఫొటోలు. ఆ 600 ఫొటోల్లోనూ ఆయనే. ఇందులో గెంతులు లేవు, పరుగు లేదు. ప్రతి బొమ్మలోనూ ఒళ్లు శిల్పంలా ఆగి ఉంటుంది. ప్రతి ఆసనానికీ అది ఎంత కష్టమో తెలిపే అంకె వేశారు. అన్నిటికంటే తేలికైన అంకె ఒకటి.

ఆ ఒకటో అంకె ఆసనం తాడాసనం. అంటే ఊరికే నిటారుగా నిలబడటం. మొట్టమొదటి ఆసనం అదే, పుస్తకంలో బాగా ఆలోచింపజేసేదీ అదే. మనం సరిగా నిలబడం అంటారు ఆయన. బరువంతా ఒక కాలి మీద వేస్తాం, లేదా ఒక పాదం పక్కకు తిప్పుతాం, లేదా మడమల మీద వాలిపోతాం. అనుమానం ఉంటే మీ చెప్పులు చూసుకోమంటారు. ఎవరి చెప్పు ఎటువైపు అరిగిందో చూస్తే వాళ్లు ఎలా నిలబడతారో తెలిసిపోతుంది. అక్కడినుంచి మొదలుపెట్టి, బరువు మడమ మీదే పడితే తుంటి ఎలా సడలుతుందో, పొట్ట ఎలా ముందుకొస్తుందో, నడుము ఎలా వెనక్కి పోతుందో, చివరికి మనసు ఎందుకు మందగిస్తుందో మెట్టుమెట్టుగా చెబుతారు.

ఈ పేరా ఎవరికైనా చదివి వినిపిస్తే ముందు గుమ్మం దగ్గరికి వెళ్లి చెప్పులు తిరగేసి చూస్తారు. చూడాలి కూడా. యోగా అంటే హిమాలయ గుహలో మొదలవుతుందనుకునేవాళ్లకు, అది వాకిట్లో విడిచిన చెప్పుల దగ్గర మొదలవుతుందని చూపించిన గురువు ఆయన. ఇలా రాయగలిగింది పుట్టుకతో ఒళ్లు వంగినవాడు కాదు. ఒంట్లో ఏ మూల ఏం జరుగుతుందో నొప్పి ద్వారా కనిపెట్టినవాడు మాత్రమే రాయగలడు. కత్తెర లేకపోతే ఆ తాడాసనం పేరా ఉండేది కాదని ఈ కథనం నమ్మకం.

వేగం ఎందుకు పోయింది, నిలకడ ఎందుకు వచ్చింది అని పరిశీలకులు చాలా రాశారు. పట్టాభి జోయిస్ శిష్యులు మూకీని చూపి, మొదట అయ్యంగార్ కూడా మా పద్ధతిలోనే వేసేవారు కదా అంటారు. నిజమే. అయితే ఆయన రోజూ ఎదుర్కొన్నది మైసూరు కుర్రాళ్లను కాదు. కీళ్లవాతంతో వచ్చినవాళ్లు, గుండెజబ్బుతో వచ్చినవాళ్లు, ప్రసవం తర్వాత నడుము పట్టేసినవాళ్లు ఆయన ముందు కూర్చున్నారు. గెంతమంటే వాళ్లు గెంతలేరు. ఇటుక కావాలి. బెల్టు కావాలి. వీపు తీసేసిన మడత కుర్చీ కావాలి. గోడకు కట్టిన తాడు కావాలి. ఇప్పుడు హైదరాబాద్ అపార్టుమెంటు సెల్లారులో జరిగే క్లాసులో రంగురంగుల ఫోమ్ ఇటుక చేతికిస్తే, దాని వెనుక పుణె రోడ్డు పక్కన ఏరిన ఇటుక ఉంది.

అరచేతి కాఠిన్యం

ఆయన్ని దేవుణ్ని చేస్తే ఈ కథ అబద్ధమవుతుంది. క్లాసులో అరిచేవారు, తప్పుగా నిలిచిన భుజం మీద, తొడ మీద చరిచేవారు. పేరు ముందున్న బి.కె.ఎస్. అన్న పొడి అక్షరాలకు శిష్యులే ‘బీట్, కిక్, స్లాప్’ అని అర్థం చెప్పుకునేవారు. తన గురువు దగ్గర తిన్న దెబ్బల గురించి అంత బాధగా చెప్పుకున్న మనిషి తన శిష్యుల మీద చెయ్యి ఎలా ఎత్తగలిగారు? ఒంట్లో నిద్రపోతున్న చోటును మేలుకొలపడానికే అన్నది ఆయన సమాధానం. చాలామంది శిష్యులు దాన్ని ఒప్పుకున్నారు, కృతజ్ఞతగా చెప్పుకున్నారు కూడా. అయినా ఒప్పుకోవడం కష్టం. మైసూరులో చిరిగిన ఆ కండరం అంత నేర్పినప్పుడు, ఇదొక్కటి ఎందుకు నేర్పలేదన్న బాధ మిగిలే ఉంటుంది.

అదే చెయ్యి ఇంకో పని కూడా చేసింది. 1952లో ప్రపంచ ప్రఖ్యాత వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ బొంబాయిలో ఉన్నారు. అలసట, నిద్రలేమి, చేతి కండరాల బిగువు. ఐదు నిమిషాలు మాత్రమే ఇస్తానన్నారు. అయ్యంగార్ ఆయన్ని పడుకోబెట్టి, కళ్ల మీద వేళ్లు ఆనించి షణ్ముఖి ముద్ర పట్టారు. మెనూహిన్ అక్కడికక్కడే గాఢంగా నిద్రపోయారు. ఐదు నిమిషాల భేటీ మూడు గంటలు దాటింది. 1954లో ఆయన అయ్యంగార్‌ను స్విట్జర్లాండ్‌కు పిలిపించుకున్నారు. అప్పుడిచ్చిన చేతిగడియారం వెనుక, ఇది నా అత్యుత్తమ వయొలిన్ గురువుకు అన్న అర్థం వచ్చే మాటలు చెక్కించారు. వయొలిన్ పట్టుకోవడమే తెలియని మనిషికి ఆ మాట. కమాను ఆడించే భుజం ఎక్కడ బిగుస్తోందో పట్టుకున్నవాడికి దక్కిన మాట అది.

తర్వాతి దారి లండన్ చర్చి హాళ్ల మీదుగా సాగింది. బెల్జియం రాజమాత ఎలిజబెత్ ఎనభై దాటిన వయసులో శీర్షాసనం నేర్పమని పట్టుబట్టారు, ఆయన నేర్పారు. పుణెలో సొంత సంస్థకు 1973 జనవరిలో రమామణి చేతుల మీదుగా భూమిపూజ జరిగింది. ఆ నెల తిరగకముందే ఆమె కన్నుమూశారు. 1975లో భవనం పూర్తయితే దానికి ఆమె పేరే పెట్టారు: రమామణి అయ్యంగార్ మెమోరియల్ యోగా ఇన్‌స్టిట్యూట్. కూతురు గీత, కొడుకు ప్రశాంత్ అక్కడే గురువులయ్యారు.

1979లో, అరవై దాటిన వయసులో, కొద్ది నెలల తేడాతో రెండు స్కూటర్ ప్రమాదాలు జరిగాయి. భుజాలు, వెన్ను, మోకాళ్లు దెబ్బతిన్నాయి. ముందుకు వంగడం మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. పుణె వచ్చిన కొత్తలో లాగే, ఇటుకలు, బల్లలు, తాళ్లు సర్దుకుని కూర్చున్నారు. ఏళ్లు పట్టింది.

తొంభై దాటాక కూడా ఉదయం వేళ ఆ హాల్లోకి వచ్చినవాళ్లకు ఒక మూల ఆయన కనిపించేవారు. వంపు తిరిగిన బల్ల మీద వెనక్కి వాలి, తెల్లటి జుట్టు నేలవైపు వేలాడుతూ, కళ్లు మాత్రం తెరిచి, పక్కన ఎవరి మోకాలు వంగిందో తలకిందులుగానే చూస్తూ ఉండేవారు. 2014 ఆగస్టు 20న పుణెలో మరణించారు. ఐక్యరాజ్యసమితి యోగా దినోత్సవ తీర్మానం వచ్చింది అదే ఏడాది డిసెంబరు 11న.

—

బాక్స్: మదనపల్లె శిష్యుడు

మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గురువులే అక్కర్లేదని ప్రపంచమంతా తిరిగి చెప్పారు. ఆసనాల విషయంలో మాత్రం ఆయనకు గురువు ఉన్నారు. 1948లో పుణె వచ్చినప్పుడు అయ్యంగార్ దగ్గర మొదలుపెట్టి, తర్వాత వేసవుల్లో స్విట్జర్లాండ్‌లోని గ్స్టాడ్‌లో కొనసాగించారు. అప్పటికి మెనూహిన్ కూడా అక్కడే ఉండేవారు. 1960ల మధ్యలో కృష్ణమూర్తి దేశికాచార్ దగ్గరికి మారారు. అంటే మైసూరు గురువుగారి బావమరిది తర్వాత కొడుకు.

బాక్స్: మైసూరు నుంచి పుట్టపర్తికి

అయ్యంగార్ పుణె వెళ్లిపోయిన కొత్తలోనే మైసూరు శాల తలుపు తట్టిన విదేశీ వనిత ఇంద్రాదేవి. 1899లో రీగాలో పుట్టింది, అసలు పేరు యూజీనియా పీటర్సన్. ఆడమనిషి, పైగా విదేశీయురాలు అని కృష్ణమాచార్య కాదన్నారు. మహారాజు చెప్పాక ఒప్పుకున్నారు. ఆమె 1939లో షాంఘైలో, తర్వాత హాలీవుడ్‌లో యోగా బడి తెరిచింది. గ్లోరియా స్వాన్సన్ వంటి తారలు శిష్యులయ్యారు. 1966 నుంచి పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తురాలిగా అనంతపురం జిల్లాకు వస్తూ పోతూ ఉండేది. 2002లో బ్యూనస్ ఎయిర్స్‌లో, నూటరెండేళ్ల వయసులో చనిపోయింది.

బాక్స్: మరికొన్ని

‘లైట్ ఆన్ యోగా’ చివర మూడు వందల వారాల అభ్యాస క్రమం ఉంది. ముందుమాట మెనూహిన్‌ది. అయ్యంగార్‌కు పద్మశ్రీ 1991లో, పద్మభూషణ్ 2002లో, పద్మవిభూషణ్ 2014లో వచ్చాయి. 2004లో ‘టైమ్’ పత్రిక వందమంది ప్రభావశీలుర జాబితాలో ఆయన పేరుంది. గీతా అయ్యంగార్‌కు చిన్నప్పుడు మూత్రపిండాల జబ్బు, ఆమె యోగాలోకి వచ్చింది ఆ దారినే. తండ్రి శతజయంతి అయిన రెండు రోజులకు, 2018 డిసెంబరు 16న ఆమె వెళ్లిపోయారు.